ఫొటోలు తీసేసిన పిల్ల

కోటప్పకొండ మీద కాకి వాలదని మా పల్నాడులో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నేనిప్పుడు రాయబోయేదాంట్లో ఒక్క మాట అబద్ధమైనా ఆ కొండ మీద కాకులు గుంపుగా వచ్చి వాలుగాక, వాలి స్వామివారి ప్రసాదం నా కళ్ళముందే తినుగాక. ఇంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు. నా మీద నేను ఒట్టేసుకుంటే నరసరావుపేటలో ఎవరూ నమ్మరు. మా ఆవిడ మీద వేస్తే మా ఆవిడ ఊరుకోదు.

పోయిన నెల వినుకొండ నుంచి బస్సులో వస్తున్నాను. ముందు సీట్లో ఒక కోడలు, ఆమె పక్కన అత్త. కోడలు ఫోనులో వచ్చిన మెసేజీ ఒకటి పైకి చదివి వినిపించింది. రేషన్ కార్డు సంగతేదో. అత్త "ఊఁ" అంది.

"ఊఁ కాదు. ఏం అర్థమైందో నాకు చెప్పు," అంది కోడలు.

అదే దబాయింపు. అదే విరుపు. నేను సీటులోంచి సగం లేచి ఆ అమ్మాయి మొహం చూశాను. కాదు, వేరే మనిషి. ఆమె నన్ను చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాను. కానీ పేట వచ్చేదాకా నా పక్క సీట్లో, ఒకప్పుడు మా ఆఫీసుకొచ్చిన ఆ పిల్లే కూర్చుని వచ్చినట్టుంది.

ఆ పిల్ల పేరు రాయను, తనకిష్టం ఉండదు. ఆఫీసు పేరూ రాయను, వాళ్ళకు అసలే ఇష్టం ఉండదు. ప్రభుత్వం చేసే పనులు జనానికి చెప్పే ఆఫీసు అనుకోండి, చాలు. ఒకప్పుడు ఆ చెప్పే పని నాది. ఆటోకు మైకు కట్టుకుని ఊరూరా తిరిగేవాణ్ణి. మాచర్లలో నేను పోలియో చుక్కలని అరిస్తే మీసాలొచ్చిన మగాళ్ళు కూడా నోళ్ళు తెరుచుకుని వరసలో నిలబడ్డారు. అచ్చంపేట దగ్గర వరద హెచ్చరిక చదువుతుంటే కృష్ణ రెండడుగులు వెనక్కి తగ్గి, నేను చదవడం అయ్యాకే మళ్ళీ ముందుకొచ్చింది.

ఆ తర్వాత ప్రభుత్వానికి డిజిటల్ వచ్చింది. ఆటోను షెడ్డులో పెట్టారు, నన్ను మేడమీద గదిలో పెట్టారు. గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, తలుపు మీద "డిజిటల్ సెల్" అనే బోర్డు. మా పేజీ చూసేవాళ్ళలో సగం మంది మా ఆఫీసు వాళ్ళు, మిగతా సగం మా ఆఫీసు నుంచి బదిలీ అయిపోయినవాళ్ళు.

ఆ గదిలోకి వచ్చింది ఆ పిల్ల. డిగ్రీ చివరి ఏడాది. రెండు నెలలు ఏదో ఒక ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేసి రమ్మని కాలేజీ వాళ్ళు తోలారు. చేతిలో ఒక లాగ్‌బుక్. రోజూ చేసిన పని అందులో రాయాలి, ఆఖరున ఆఫీసరు సంతకం పెట్టి స్టాంపు వెయ్యాలి. ఆ సంతకం లేకపోతే మార్కులు లేవు, మార్కులు లేకపోతే ఆ ఏడాది డిగ్రీ లేదు. ఈ పిల్లకు గుంటూరులో ఒక కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు కూడా, డిగ్రీ చేతికి రాగానే చేరాలి. వాళ్ళ నాన్న మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో టిప్పరు డ్రైవరు. ఆయన అప్పటికే క్లీనర్లందరికీ మైసూరుపాకు పంచేశాడట.

అంతకుముందు వచ్చిన పిల్లలు మొదటి రోజు ఒకసారి, ఆఖరి రోజు ఒకసారి కనపడేవాళ్ళు. రెండు నెలల పనీ మెట్ల మీద కూర్చుని ఒకే పెన్నుతో రాసుకుపోయేవాళ్ళు. మా సారు ఈ పిల్లనూ ఆ లెక్కలోనే వేశాడు.

"ఏమ్మా, ఆఖర్లో రా, సంతకం పెడతాలే."

"వద్దు సార్. రోజూ వస్తా. పని నేర్చుకోవాల."

"ఏం పని?"

"నేనూ అదే అడుగుదామనుకుంటన్నా సార్."

సారు నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

మా పనేమిటో ఆ పిల్లకు చూపించాను. పైనుంచి ఒక నోటు వస్తుంది. దానికి పెద్దవాళ్ళ ఫొటోలు చేర్చి, రంగులు వేసి, పేజీలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పెడతాం. అసలు విద్య ఫొటోల్లో ఉంది. ఎవరి తల ఎవరి తలకంటే ఎంత పెద్దగా ఉండాలి, ఎవరు కుడి, ఎవరు ఎడమ, అంతా రాసిన కాగితం గోడకు అంటించి ఉండేది. ఒకసారి రెండు తలల కొలతలు తారుమారైతే ఒక గుమాస్తాకు బదిలీ అయింది. ఆయన సామాను లారీకి ఎక్కించేటప్పుడు కూడా పెద్ద బిందె పైన, చిన్న బిందె కింద పెట్టించాడని చెబుతారు. ఫొటోలన్నీ సర్దాక అడుగున చోటు మిగిలితే, విషయం.

ఆ పిల్ల ఒక పోస్టు చూసి అంది, "ఇది పోస్టు కాదు బాబాయ్, శుభలేఖ. పైన దేవుళ్ళ బొమ్మలు, కింద బంధువుల పేర్లు. పెళ్ళెప్పుడో మాత్రం వెయ్యలా."

అప్పట్నుంచి మా గదిలో పోస్టు అనే మాట పోయింది. "బాబాయ్, ఇయ్యాల ఎన్ని శుభలేఖలు?" అనేది వస్తూ వస్తూనే.

ఆ పిల్లకు ఒక అలవాటుంది. తయారుచేసిన ఏ పోస్టునూ అట్లాగే పెట్టేది కాదు. ఫోను పట్టుకుని దబదబా మెట్లు దిగి గేటు దగ్గరకు పోయేది. అక్కడ జామకాయలు అమ్మే ఒకావిడ కూర్చునేది. నాకు అక్క వరస, కాబట్టి ఆ పిల్లకు అత్త. ఆవిడకు పోస్టు చదివి వినిపించి, బొమ్మ చూపించి, "ఇప్పుడు నువ్వు చెప్పత్తా, ఏం అర్థమైంది?" అనేది. ఆవిడ సరిగ్గా తిరిగి చెబితేనే పోస్టు పైకెళ్ళేది. లేకపోతే పిల్ల మళ్ళీ మేడెక్కేది.

ఈ అలవాటు వాళ్ళ నాయనమ్మది. ఆవిడకు చదువు రాదు. ఆదివారం చర్చి నుంచి రాగానే మనవరాళ్ళను వరసగా కూర్చోబెట్టి, పాస్టరు ఏం చెప్పాడో ఒక్కొక్కరి చేత చెప్పించేదట. చెప్పలేని పిల్ల కంచంలో ముక్క పడేది కాదు.

"ఎన్ని ఆదివారాలు ఉత్త పులుసు తిన్నానో నీకు తెలవదు బాబాయ్. చెప్తే సరిపోదు. తిరిగి చెప్పించుకోవాల. అప్పుడే చెప్పినట్టు."

మొదటి పరీక్ష నాకు బాగా గుర్తు. దోమల మందు కొట్టే సంగతి మీద పోస్టు. "వ్యాధుల నియంత్రణకు పటిష్ఠ చర్యలు" అని పైన, ఆరు ఫొటోలు నడుమ. జామకాయలావిడ కళ్ళు చికిలించి చూసింది.

"ఎవరికో ఒంట్లో బాగలేదంట. ఈ ఆరుగురూ పోయి పలకరించొచ్చారంట. పాపం, ఏం జబ్బే అమ్మాయ్?"

"దోమలత్తా! మీ వీధిలో రేపు దోమల మందు కొడతారు!"

"అట్టా చెప్పొచ్చుగా మరి! ఈళ్ళందరినీ ఎందుకు చూపిచ్చావు, దోమలు పెట్టింది ఈళ్ళా?"

మేడ మీదున్న నాకు వినపడింది. పక్క గదిలో ఉన్న సారుకు వినపడకూడదని నేను గట్టిగా దగ్గడం మొదలుపెట్టాను. ఎంత గట్టిగా అంటే అటెండరు వెళ్ళి అంబులెన్సుకు ఫోను చేశాడు.

ఇంకో అలవాటు ఎండ. కంప్యూటర్లో ఎంత బాగున్నా నమ్మేది కాదు. గీతలు పడ్డ చవక ఫోను ఒకటి తెచ్చుకుని, మిట్టమధ్యాహ్నం ఆఫీసు ముందు నిలబడి, చెయ్యి చాచి, కళ్ళు చిట్లించి చూసేది.

"ఏమే, వడదెబ్బ తగిలి పోతావు."

"మన జనం యాడ చూస్తారు బాబాయ్? ఏసీ గదిలోనా? చేలో నిలబడి చూస్తారు. చేతికి మట్టి, కళ్ళల్లో ఎండ. అప్పుడు కనపడాల అక్షరం."

అది సూర్యనమస్కారమేమోనని మా గుమాస్తాలిద్దరు కూడా ఒక వారం పాటు అదే టైముకు పక్కన నిలబడి ఫోన్లు ఎత్తారు. ఒకాయనకు షుగరు తగ్గింది.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకు ఆ పిల్లంటే పడేది కాదు. నా ఆటోను షెడ్డులోకి తోసిన ఫోనుకు ఈ పిల్ల చుట్టమనిపించేది. ఒకరోజు తనే నా ముందుకొచ్చి ఫోను పెట్టింది.

"చదవడం రానోళ్ళు ఉంటారు గదా బాబాయ్. నువ్వు చెప్పు, నీ గొంతు పంపిద్దాం."

నేను లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "ప్రజలారా!" అన్నాను. కిటికీ మీదున్న పావురాలు ఎగిరిపోయాయి. అవి ఇప్పటికీ సత్తెనపల్లిలోనే ఉంటున్నాయని విన్నాను.

"ఏంది బాబాయ్ ఆ అరుపు! ఎవరు పోయారని? ఇది మైకు కాదు. వాళ్ళ చెవి కాడ కూర్చుని చెప్తన్నావు నువ్వు."

"ఇరవయ్యేళ్ళ సర్వీసే నాది!"

"సరేలే. ఆ ఇరవయ్యేళ్ళూ కాసేపు పక్కన పెట్టి చెప్పు."

పదకొండు సార్లు చెప్పించింది. పన్నెండోసారి విసుగొచ్చి, పక్కింటి వాడితో అన్నట్టు, మామూలుగా అన్నాను. "అద్గదీ!" అని చెయ్యి చరిచింది. నా గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకే తెలియదు. ఇంటికెళ్ళి మా ఆవిడకు వినిపిస్తే, ఎవరాయన, మర్యాదస్తుడిలాగా ఉన్నాడంది.

ఇక అసలు సంగతి. రెండు నెలలూ అయిపోవచ్చాయి. పిల్ల లాగ్‌బుక్ పూర్తి చేసి సారు బల్ల మీద సంతకానికి పెట్టింది. ఆ గురువారం పొద్దున పైనుంచి ఒక నోటొచ్చింది. కాలవ చివర ఉన్న నూజెండ్ల వైపు పొలాలకు శుక్రవారం పొద్దున నీళ్ళు వదులుతారు, సోమవారం పొద్దున ఆపేస్తారు, ఈ పంటకు ఇక మళ్ళీ నీళ్ళు ఉండవు. అప్పటికి మిరప కాపు మీద ఉంది. ముందుగా తెలిసి ఇంజన్లు, పైపులు సిద్ధం చేసుకున్నవాడి తోటకు తడి పడుతుంది. తెలియనివాడు సోమవారం వచ్చి బురద చూసుకుని పోతాడు.

సారు మీటింగుకు పోతూ, "నాలుగు ఫొటోలేసి నీటుగా పెట్టండి," అన్నాడు.

పిల్ల నీటుగానే చేసింది. కొలతలు తప్పలేదు. మెట్లు దిగింది. నేనూ వెనకే దిగాను. జామకాయలావిడ చూసింది.

"నలుగురు పెద్దమనుషులు కాలవ చూడబోయారు."

"నీళ్ళ సంగతత్తా?"

"నీళ్ళు యాడున్నయ్యే ఇందులో?"

ఉన్నాయి. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. పిల్ల ఆ ఫోనును ఎండలో పట్టుకుంటే ఆ చీమలు కూడా కనపడలేదు.

పైకొచ్చి నాలుగు ఫొటోలూ తీసేసింది. ఎర్ర పలక మీద తెల్లటి పెద్ద అక్షరాలు పెట్టింది: "కాలవ నీళ్ళు రేపు పొద్దున వస్తాయి. సోమవారం పొద్దున ఆగిపోతాయి. మళ్ళీ రావు. ఇంజన్లు ఈరోజే తెచ్చుకోండి." కింద నా గొంతు. అత్తకు చూపిస్తే ఆవిడ నాలుగు ముక్కలూ తిరిగి అప్పజెప్పి, "మా తమ్ముడిది ఆ చివరే, ఆడికి చెప్పాల," అని లేవబోయింది.

ఫొటోలు లేకుండా పెట్టాలంటే సారు సరే అనాలి. సారు ఫోను స్విచాఫ్. పిల్ల పదిసార్లు చేసింది. గడియారం చూసింది. నన్ను చూసింది.

"సారు వచ్చేతలికి సాయంత్రం అయిద్ది బాబాయ్. అప్పుడు పెడితే ఆళ్ళు ఇంజన్లు ఎప్పుడు తెచ్చుకుంటారు? ఏం చేద్దాం?"

"పెట్టెయ్యవే," అన్నాను. "సారుకు నేను చెప్పుకుంటాలే."

"నిజంగా?"

"నేనుండగా నీకేంది?"

పెట్టేసింది. మా పేజీ పుట్టిన దగ్గర్నుంచి దాన్ని పట్టించుకోని జనం ఆ ఎర్ర పలకను అందుకుని గ్రూపు నుంచి గ్రూపుకు విసిరారు. మధ్యాహ్నానికి ఒక రైతు ఆఫీసుకు ఫోను చేశాడు.

"అయ్యా, ఈ కాలవ మెసేజీ గవర్నమెంటుదేనా?"

"అవునయ్యా, మాదే. ఎందుకా అనుమానం?"

"ఏం లేదు, చదవంగానే అర్థమైంది. అందుకని."

శుక్రవారం పొద్దున నీళ్ళూ వచ్చాయి, మా సారూ వచ్చాడు. మొహం పండు మిరపకాయ.

"ఫొటోలేవి? నాకు పైనుంచి మూడు ఫోన్లు! మేం చచ్చామా బతికున్నామా అని అడుగుతున్నారు! ఎవరు పెట్టమన్నారు దీన్ని?"

తన గదిలోంచి తెచ్చిన లాగ్‌బుక్‌ను మా బల్ల మీద పడేశాడు. "ఈ జన్మలో దీని మీద నా సంతకం పడదు."

అప్పుడు నేను లేచాను. కుర్చీ వెనక్కి పడిపోయింది. "నేనే సార్ పెట్టమన్నది," అన్నాను. గదిలో ప్రింటరు కూడా ఆగిపోయింది.

"నువ్వా!"

"నేనే సార్. నూజెండ్ల వాళ్ళు ఏమంటున్నారో మీకు తెలుసా? ఇన్నేళ్ళుగా ఫొటో లేకుండా పని చేసిన ఆఫీసరును చూడలేదు, ఆ మహానుభావుడెవరో ఒకసారి చూపించండి, దండ వేసి పోతాం అని పొద్దున్నించి ఫోన్లు. మీ ఫొటో ఉంటే మీరు పది మందిలో ఒకరు సార్. లేకపోబట్టి వాళ్ళు వెతుక్కుంటున్నారు."

సారు కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. "దండంటే, ఎప్పుడు వస్తామన్నారు?" అన్నాడు. అని, పచ్చ సిరా పెన్ను తీసి, లాగ్‌బుక్ మీద సంతకం గీకి, స్టాంపు కొట్టి, పక్కన "వెరీ గుడ్" అని కూడా రాశాడు. పిల్ల ఆ పుస్తకాన్ని గుండెకు హత్తుకుని కిందికి పరుగెత్తింది. బుట్టలో జామకాయలన్నీ తెచ్చి ఆఫీసంతా పంచింది.

చదివినవాళ్ళకు సంతోషంగా ఉండి ఉంటుంది. టీ కొట్టు దగ్గర ఇది చెప్పినప్పుడల్లా వినేవాళ్ళకూ సంతోషంగానే ఉంటుంది. నాకు ఎక్కువ టీ పోయిస్తారు.

ఇప్పుడు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. కాలవ నిజం. ఎర్ర పలక నిజం. జామకాయలావిడ నిజం, ఆమె తమ్ముడి తోటకు తడి పడింది, అదీ నిజం. కృష్ణ వెనక్కి తగ్గడమూ పావురాలు సత్తెనపల్లిలో కాపురం పెట్టడమూ నా మామూలు ధోరణి. వాటిని అబద్ధాలంటే నాకు కోపం వస్తుంది. కల్పించింది ఒక్కటే, నేను లేచి నిలబడటం.

సారు "ఎవరు పెట్టమన్నారు?" అన్నప్పుడు నేను ప్రింటరు దగ్గర వంగి ఉన్నాను. అందులో కాగితమేదీ ఇరుక్కోకపోయినా లాగుతున్నాను. నా కాంట్రాక్టు పొడిగించే కాగితం ఆ నెలే సారు సంతకానికి వెళ్ళాలి. నన్ను ఎవరూ నిలదీయలేదు, తిట్టలేదు. ఆ పిల్ల ఒక్కసారి నా వీపు వైపు చూసి ఉంటుంది. నేను తిరగలేదు గనక అదీ ఖాయంగా చెప్పలేను. "ఎవరూ చెప్పలా సార్. నేనే పెట్టా," అన్న మాట మాత్రం విన్నాను. పుస్తకం తీసుకున్న చప్పుడు, చెప్పులు తొడుక్కున్న చప్పుడు విన్నాను. ఆ రోజు మెట్లు మెల్లగా దిగింది.

సంతకం పడలేదు. ఇంకో ఊళ్ళో ఇంకో ఆఫీసులో రెండు నెలలు మళ్ళీ మొదట్నుంచి చేసిందని జామకాయలావిడ చెప్పింది. గుంటూరు కంపెనీ వాళ్ళు అప్పటిదాకా ఆగలేదు. నా కాంట్రాక్టు మాత్రం పొడిగించారు. అక్క ఆ తర్వాత నాకు జామకాయ ఇవ్వలేదు. అడిగితే, పచ్చివిలే, నీకు పడవంది.

టీ కొట్టు దగ్గర నేను లేచి నిలబడటం మొదలై చాలా కాలమైంది. మొదట్లో ఉత్త లేవడమే ఉండేది. కుర్చీ పడిపోవడం తర్వాత చేరింది. దండ ఈమధ్యనే. ఇంకొంతకాలం చెబితే నాకే నిజమైపోయేట్టుంది, అందుకే ఈ కాగితం. మా సారు ఇప్పుడు బదిలీ మీద ఎక్కడున్నాడో తెలియదు, ఆ కాలేజీలో ఇది ఎవరైనా చదువుతారో లేదో తెలియదు. చదివితే మటుకు ఆ పిల్ల లాగ్‌బుక్‌లో ఆ గురువారం గడిలో ఇది రాసుకోండి: ఆ ఫొటోలు లేని పోస్టు పెట్టెయ్యమన్నది ఆఫీసు మనిషి, నేను. సారుకు చెప్పుకుంటానన్నదీ నేనే.